మూడో స్తంభం

“అయితే పుట్టీ సంచికి కాళ్ళొచ్చి నడిచిపోయిందంటారు,” అంది ఆమె, మెట్ల కింది గూట్లోంచి తల బయటికి తీయకుండానే.

“పోయిందని నేనన్నానా? వాడానన్నాను.”

“అదే, ఎక్కడ వాడారని అడుగుతున్నాను. గురువారం నేను ఊరెళ్ళేటప్పుడు వంటింటి గోడ ఎలా పెచ్చులూడుతూ ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.”

“అవసరమైనచోట వాడాను.”

“అంటే ఇల్లు అవసరం కాదన్నమాట.”

భర్త మెట్టు మీద కూర్చుని డ్యూటీ బూట్లకి పాలిష్ పట్టిస్తూ, ఒక్కో బూటునీ వెలుతురుకి ఎత్తి చూసుకుంటున్నాడు. అతని గోళ్ళ చుట్టూ తెల్లటి పొడి అంటుకుని ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఫైర్ స్టేషన్లో పెద్ద బండి నడుపుతున్న మనిషి. ఇంట్లో మేకు కొట్టమంటే మూడు వారాలు పడుతుంది. స్టేషన్లో ఇత్తడి నాజిల్ మీద వేలిముద్ర కనిపిస్తే మాత్రం ఊరుకోడు.

“వాడింది వాడేశాడు, ఇప్పుడు కక్కిస్తావా అమ్మాయ్?” అంది అత్తగారు మంచం మీంచి. “ఆ గోడ నన్నేమీ అనడం లేదులే.”

“మీ కంచంలో సున్నం రాలినరోజు మీరే అంటారు లెండి అత్తయ్యా.”

అప్పుడే నైట్ డ్యూటీ దిగి వచ్చిన మరిది తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్తూ ఆగాడు. అతనూ ఆ స్టేషన్లోనే ఫైర్‌మన్. “వదినా, తొందరపడి తిట్టేయకు. పది దాటాక నువ్వే అన్నయ్యకి దండ వేస్తావు.”

“ఒరేయ్!” అన్నాడు భర్త.

కూతురు నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది. తను తప్ప ఇంట్లో అందరికీ తెలిసిన సంగతేదో ఉందని ఆమెకి అర్థమైంది. అక్క కంటి ఆపరేషన్ కోసం వెళ్ళి నాలుగు రోజుల తర్వాత తెల్లవారుజామున దిగిన మనిషికి ఆరా తీసే ఓపిక లేదు. పదకొండింటికి ఇంజినీరు వస్తాడు. దాని ముందు పుట్టీ ఎంత?

స్టేషన్లో గుమాస్తాగా ఆమె నాలుగు నెలలు పడ్డ కష్టానికి ఇవాళ పరీక్ష. పాత ప్రభుత్వ భవనాలు భూకంపాలకీ వరదలకీ తట్టుకునేలా బలపరచుకోవడానికి కేంద్ర కార్యాలయం నిధులిస్తోందని పత్రిక మూల చిన్న అక్షరాల్లో పడ్డ ప్రకటన మొదట చూసింది ఆమే. ఆఫీసరు “మనకెక్కడ వస్తుందమ్మా” అన్నాడు. అయినా ముప్ఫై రెండు పేజీల దరఖాస్తు ఆమె ఒక్కతే నింపింది. స్టేషన్‌కి ముందువైపు నాలుగు స్తంభాలు, వాటి మధ్య మూడు షట్టర్లు, ఆ స్తంభాల మీదే సిబ్బంది పడుకునే పై అంతస్తు. మూడో స్తంభంలో ఛాతీ ఎత్తు నుంచి దూలం దాకా ఏటవాలుగా ఒక పగులు. లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, సిమెంటుని బయటికి తోస్తోంది. ఆమె కూతురి స్కేలు తెచ్చి పగులు పక్కన ఆనించి ఫోటో తీసింది. నాలుగు మిల్లీమీటర్లు. దూలం కిందికి వాలడంతో మూడో షట్టరు బిగుసుకుపోయింది. కుడిచేతి మూల కింద ఎడమకాలితో ఒక్క తన్ను తన్ని, వెంటనే ఎత్తాలి. కొత్తగా చేరినవాళ్ళకి అక్కడ మొట్టమొదట నేర్పే పని ఆ తన్ను. ఆ షట్టరు వెనకే పెద్ద బండి ఉండేది.

*

పదింటికి గేటు దాటిన ఆమె అక్కడే నిలబడిపోయింది.

నాలుగు స్తంభాలూ కొత్త పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. కింద మోకాలెత్తు వరకు ఎర్రరంగు పట్టీ, పైన తెల్లటి రంగు. హోసు పైపులు చుట్టలు చుట్టి, సైజుల వారీగా వరసగా పెట్టారు. బకెట్ల మీద అక్షరాలు కొత్తగా దిద్దారు. మనుషులందరూ ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు. మూడో స్తంభం మీద పగులు లేదు. ఆమె దగ్గరికెళ్ళి అరచేత్తో తడిమింది. గరుకు కాగితం పట్టించి నున్నగా చేశారు. పగులు ఎక్కడ మొదలయ్యేదో కళ్ళు మూసుకుని చూపించగలిగే ఆమెకి వేలికి ఏమీ తగల్లేదు.

“ఎలా ఉంది?” వెనకనుంచి భర్త గొంతు. “శుక్రవారం పొద్దున్న మొదలుపెడితే సాయంత్రం దాకా పట్టింది. పగుల్లో ముందు సిమెంటు కూరాను. ఊరికే పుట్టీ రాస్తే నిలవదు కదా. దాని మీద రెండు కోట్లు. నీ ఇంజినీరు ముందు మన స్టేషన్ భూత్ బంగ్లాలా కనిపిస్తే నీకు నామర్దా కాదూ?”

ఆమె స్తంభాన్నే పట్టుకుంది.

“ఆయన వచ్చేదే ఆ పగులు చూడటానికండీ.”

అతనికి అర్థం కాలేదు. పై అధికారి వస్తున్నాడంటే తుడవాలి, రుద్దాలి, రంగు వెయ్యాలి. ఇరవై రెండేళ్ళలో ఎవరొచ్చినా చేసింది అదే. చూపించుకోవడానికి ఒక లోపాన్ని అలాగే ఉంచాలని ఆ స్టేషన్లో ఎవరికీ ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఆమే చెప్పలేదు. ముప్ఫై రెండు పేజీల్లో ఏముందో చదివి వినిపించాలని తనకి తోచలేదు.

ఆమె ఆఫీసరు గదిలోకి పరిగెత్తి సంగతి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. “నేను శుభ్రంగా ఉంచండన్నాను, అంతే. ఇంత శుభ్రంగానా?” అన్నాడు. గేటు దగ్గర కారు చప్పుడైంది. ఇంజినీరు ముప్పావుగంట ముందే వచ్చేశాడు.

వరసలో నిలబడి సెల్యూట్ కొట్టారు అందరూ. ఇంజినీరు చేతిలో ఫారం, దానికి గుచ్చిన ఆమె ఫోటోలు. మూడో స్తంభం దగ్గర నిలబడి ఫోటో చూశాడు, స్తంభం చూశాడు. ఫోటో తిరగేసి వెనక రాసింది చదివాడు.

“ఇదేనా?”

“అదేనండీ,” అన్నాడు ఆఫీసరు.

“బాగుచేసినట్టున్నారే. పని నీటుగా ఉంది.”

భర్త ఛాతీ కొద్దిగా పొంగడం ఆమె చూసింది.

“లోపల ఇనుము అలాగే ఉందండీ,” అంది ఆమె. “పైన కప్పారంతే. కొంచెం గీకి చూస్తే...”

“చూడటానికే వచ్చానమ్మా, పగలగొట్టే అధికారం నాకు లేదు. మీరు ఇప్పుడు గీకి చూపిస్తే, మీరే పగలగొట్టారని రాయాల్సొస్తుంది.” అతని గొంతులో కోపమేమీ లేదు. కలం తీశాడు. “సరే, ఇది ఎప్పుడు చేశారు? ఎవరు చేశారు?”

భర్త ఒక అడుగు ముందుకి వేశాడు. మెచ్చుకోలు అందుకోవడానికి వేసిన అడుగు అది. పెదవులు విడివడుతున్నాయి.

“ఆ మధ్య చేశారండీ,” అంది ఆమె గబగబా. “ఎవరన్నది నాకు గుర్తులేదు.”

ఇంజినీరు తల ఊపి రాసుకున్నాడు. భర్త వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. ఆమె ముఖంలోకి చూసి, అప్పటికి అర్థమై, తెల్లగా పాలిపోయాడు.

*

గురువారం తనిఖీ మార్కులొచ్చాయి. నిధికి అరవై రావాలి. వచ్చినవి నలభై ఒకటి. ‘ప్రధాన లోపం సరిచేయబడినది’ అని ఒక వాక్యం. అభ్యంతరం ఉంటే కొత్త ఆధారంతో ఏడు రోజుల్లో తెలపాలి.

ఆ మూడు రోజులూ ఇంట్లో వంటింటి గోడ గురించి ఎవరూ మాట్లాడలేదు. భర్త అడక్కుండానే నీళ్ళు మోసిపెట్టాడు, అత్తగారి మందులు తెచ్చిపెట్టాడు. రెండుసార్లు “అసలు ఆ రోజు...” అని మొదలుపెట్టి ఆపేశాడు. ఆమె కూడా కొనసాగించమనలేదు. ఒక్కసారి మాత్రం మరిదిని అడిగింది. “నువ్వు ఎక్కడ పడుకుంటావోయ్ పైన?”

“కిటికీ పక్కన వదినా. గాలి బాగుంటుంది.”

“మూడో పిల్లరు మీదన్నమాట.”

“నా బరువెంతలే,” అని నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటింది. ఆమె బల్ల మీద గ్లాసులో నీళ్ళు వలయాలు తిరిగాయి. ఇనుప బీరువా తలుపు తనంతట తనే కిర్రుమంది. ఎవరో పెద్ద లారీ వెనక్కి తీస్తున్నారనుకుంది. లారీ అయితే ఆగేది. ఇది ఆగలేదు. పై అంతస్తులో మంచాలు నేల మీద జరిగిన చప్పుడు, బూట్లు, అరుపులు. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు సాగి ఆగిపోయింది. అందరూ ఆవరణలోకి వచ్చి నిలబడ్డారు. “అయిపోయింది, అయిపోయింది,” అన్నారెవరో, చిన్నపిల్లల్ని సముదాయిస్తున్నట్టు.

అప్పుడు ఫోను మోగింది. కూరగాయల మార్కెట్ వెనక ఇంట్లో గ్యాసు లీకవుతోంది, మంచం దిగలేని ముసలాయన లోపలున్నాడు.

గంట కొట్టారు. భర్త బండెక్కి ఇంజను స్టార్ట్ చేశాడు. ఆ రోజు పగటి డ్యూటీలో ఉన్న మరిది వెళ్ళి ఎడమకాలితో తన్నాడు. షట్టరు కదల్లేదు. మళ్ళీ తన్నాడు. ఇద్దరు కలిసి తన్నారు. దూలం ఇంకా దిగి రేకుని నొక్కేసింది. గునపాలు తెచ్చారు, జాకీ తెచ్చారు. ఆమె గది గుమ్మంలో నిలబడి చూస్తోంది. షట్టరు లోపల బండి రొద పెడుతోంది. ఎత్తిన జానెడు సందులోంచి పొగ బయటికి వస్తోంది. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని తన భర్త ఆ పొగలో కూర్చుని ఉంటాడు. దిగి సాయం చేద్దామంటే, తలుపు తెరుచుకున్న క్షణంలో బండి కదలాలి. కాబట్టి దిగకూడదు. అదీ వాళ్ళకి నేర్పిన పనే.

పదకొండు నిమిషాలు పట్టింది.

వాళ్ళు వెళ్ళేసరికి పక్కింటి ఆడవాళ్ళు తడి గోనెసంచి కప్పి సిలిండరుని బయటికి దొర్లించేశారు. ముసలాయన్ని కుర్చీతో సహా ఎత్తుకొచ్చి వీధిలో కూర్చోబెట్టారు. “మీ కోసం చూస్తూ ఉంటే పెద్దాయనకి పదకొండో రోజు కూడా అయిపోయేది,” అందట ఒకావిడ. తిరిగొచ్చాక భర్త బండి లోపల పెట్టలేదు. రోడ్డు పక్కన ఆపి, దిగకుండా అలాగే కూర్చున్నాడు. మరిది వెళ్ళి తలుపు తీసి “దిగన్నయ్యా” అంటే దిగాడు.

ఆమె మూడో స్తంభం దగ్గరికి వెళ్ళింది. తెల్లటి రంగు మీద ఒక పొడుగాటి వెంట్రుక అంటుకుని ఉంది. తీసేద్దామని గోటితో పట్టబోయింది. అందలేదు. అది వెంట్రుక కాదు. ఛాతీ ఎత్తు నుంచి దూలం దాకా, ఏటవాలుగా, తనకి కళ్ళు మూసుకున్నా తెలిసిన దారిలోనే వెళ్తోంది.

*

శనివారం పొద్దున్నే ఇంజినీరుకి ఫోను చేసింది.

“రంగు మీద సన్నగీత కొత్త ఆధారం ఎలా అవుతుందమ్మా?” అన్నాడతను. “కానీ ఒకటుంది. పగులు కదులుతోందో లేదో తెలుసుకోవాలంటే మేం దాని మీద ప్లాస్టర్ ముక్క వేసి, తేదీ రాసి వదిలేస్తాం. అది చిట్లితే లోపల కదలిక ఉన్నట్టే. మీ వాళ్ళు తెలియక చేసింది అదే. సిమెంటు కూరిన వారానికే చిట్లిందంటే ఆ స్తంభం ఇక నిలిచేది కాదు. అయితే వేసింది ఎవరు, ఏ రోజు, కింద ఎంత పగులుందో వేసినవాళ్ళే సంతకం పెట్టి చెప్పాలి. చెప్తే మళ్ళీ వచ్చి, ఈసారి అనుమతి తెచ్చుకుని పగలగొట్టించి చూస్తాను.”

“చెప్తే... వాళ్ళకి?”

“తనిఖీకి ముందు లోపం కప్పెట్టినవాళ్ళ మీద చర్య ఉంటుంది. అది నా చేతిలో లేదు.”

లీడింగ్ ఫైర్‌మన్ పదోన్నతి జాబితాలో భర్త పేరు రెండోది. తొమ్మిదేళ్ళు ఎదురుచూశాడు. వచ్చే నెలలో ఆర్డర్లొస్తాయి.

ఆఫీసరు ఆమె బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎప్పుడూ అలా కూర్చోడు. గొంతు తగ్గించాడు. “మన ఊడ్చే అతను లేడూ, పోయిన శనివారం మానేసి వాళ్ళ ఊరెళ్ళిపోయాడు. రంగు వేసిన శుక్రవారం ఇక్కడే ఉన్నాడు. బకెట్ పట్టుకుంది కూడా అతనే. తెలియక చేశాడని రాసెయ్. వెళ్ళిపోయిన మనిషిని ఎవరేం చేస్తారు? మనకి బిల్డింగ్ దక్కుతుంది, మీ ఆయనకి మచ్చ పడదు.”

ఆమె కాగితం ఎక్కించి టైపు చెయ్యడం మొదలుపెట్టింది. ‘పై తేదీన ఈ కేంద్రమునందు పారిశుధ్య పని చేయుచుండిన...’ వేళ్ళు ఎక్కడా తడబడలేదు. ఈ వాక్యం తను ఇదివరకే కొట్టిందన్న సంగతి వేళ్ళకే ముందు గుర్తొచ్చినట్టుంది. అవును, తను అక్క దగ్గరికి వెళ్ళే ముందురోజు. ఇంకోచోట పనికి చూపించుకోవాలి, రెండు మంచి ముక్కలు రాసిపెట్టమ్మా అని అతను గుమ్మం బయటే నిలబడి అడిగాడు. ‘పారిశుధ్య పని చేయుచుండిన ఇతడు నమ్మకస్తుడు, పనియందు శ్రద్ధ గలవాడు’ అని కొట్టి స్టాంపు వేసి ఇచ్చింది. ఆ కాగితం అతను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు.

ఆమె చేతులు బల్ల మీద పెట్టుకుని చూసుకుంది. ఇంత తేలిగ్గానా? ఒక మనిషిని రెండు వరసల్లో ఇంత తేలిగ్గా...

సోమవారం కూడా ఇంతే తేలిగ్గా అనేసింది. ‘ఎవరన్నది నాకు గుర్తులేదు.’ ఈ ఐదు రోజులూ భర్త చేసిన పని తలుచుకుని కుమిలింది. తన శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరు చేశాడని మనసులో తిట్టుకుంది. అతను పాపం చెప్పబోయాడు. ‘నేనే చేశాను, మొన్న శుక్రవారం’ అని గొప్పగా చెప్పేవాడే. చెప్పి ఉంటే ఇంజినీరు అప్పుడే మరోలా రాసేవాడు. ఆ నోరు మూసింది తను. సిమెంటు వేసినవాడికి దాస్తున్నానని తెలియదు. తనకి తెలుసు.

కాగితం లాగి నాలుగు ముక్కలు చేసింది. కొత్తది ఎక్కించింది.

*

ఆ సాయంత్రం దీపాలు పెట్టేవేళకే అందరూ భోజనాలకి కూర్చున్నారు. మరిదికి ఎనిమిదింటికి నైట్ డ్యూటీ. సంగతి అప్పటికే ఇంట్లో అందరికీ తెలుసు. ఆఫీసరు దారిలో భర్తని ఆపి తన సలహా అతనికీ చెప్పాడు.

“ఆయన చెప్పింది బాగానే ఉందిగా,” అంది అత్తగారు. “ఉన్నవాళ్ళ కడుపు కొట్టుకోవడమెందుకు? ఆ ఊడ్చే అతనెక్కడున్నాడో ఏమో.”

“నానమ్మా, అతనేం చేశాడు?” అంది కూతురు.

“నేను చెడు కోరానా తల్లీ? నా కొడుకు తొమ్మిదేళ్ళు...”

“అమ్మా,” అన్నాడు భర్త. కంచంలో అన్నం ఒక పక్కకి తోసి మళ్ళీ దగ్గరికి చేశాడు. “పుట్టీ నాది. తాపీ నాది. వేసింది నేను. రాసిస్తాను. జాబితా సంగతి తర్వాత.” ఆమెకేసి చూడకుండానే అన్నాడు. “నువ్వు టైపు చేసిపెట్టు. నా రాత వాళ్ళకి అర్థం కాదు.”

“చేసిపెట్టాను,” అంది ఆమె. అత్తగారి గ్లాసులో నీళ్ళు పోస్తోంది. నిండేదాకా పోసి చెంబు కింద పెట్టింది. “మీరు సంతకం పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంచాను. దానిపైన నాది పెట్టేశాను.”

“నీదెందుకు?”

“అడిగినప్పుడు తెలిసీ గుర్తులేదన్నాను కదా. అదీ రాశాను.”

మరిది నమలడం ఆపేశాడు. కూతురు తండ్రి వంకా తల్లి వంకా మార్చి మార్చి చూసింది. భర్త నోరు తెరిచాడు, అడ్డుచెప్పడానికి. సోమవారం తను అడ్డుపడ్డట్టే పడబోతున్నాడని ఆమెకి తెలిసింది. తల అడ్డంగా ఊపింది. అతను నోరు మూసుకున్నాడు.

“ఇద్దరి ఉద్యోగాలూనా?” అత్తగారి గొంతు సన్నబడింది. “ఏం చేస్తారో ఏమో అమ్మాయ్!”

“ఏం చేస్తారో చూద్దాం అత్తయ్యా.” ఆమె తన కంచం ముందు కూర్చుంది. “ఇంకొకటి. ఆఫీసరుగారి చేత ఆర్డరు మీద సంతకం పెట్టించాను. ఇవాళ్టినుంచి పైన ఎవరూ పడుకోరు. మంచాలు జీపు షెడ్డులోకి దింపిస్తున్నారు.” మరిది వైపు తిరిగింది. “దోమలుంటాయి. దుప్పటి మందంగా ఉన్నది పట్టుకెళ్ళు.”